అమ్మ గాజులూ, ఆగుస్టె ఫైలూ

ఈ సంగతి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో అన్నిసార్లూ వేరే ఏదో రాసి లేచాను. ముస్తఫా సెంటర్లో గోంగూర దొరికిన రోజు గురించి రాయడం తేలిక. వీసా కష్టాల గురించి రాయడం ఇంకా తేలిక. ఇది అలాంటిది కాదు. మా ఆవిడ చదివి "సరే, పెట్టండి" అన్నాకే పెడుతున్నాను. కొంచెం పొడుగైంది, కాఫీ కలుపుకుని రండి.

2012లో నాన్న పోయాక అమ్మని తెనాలి నుంచి మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. మేముండేది జురాంగ్ వెస్ట్‌లో, అంటే సింగపూరుకి పడమటి కొసన. హెచ్‌డీబీ ఫ్లాటు, పదకొండో అంతస్తు. ఇక్కడ ఒక బ్లాకుకీ పక్క బ్లాకుకీ తేడా గోడ మీద వేసిన అంకె ఒక్కటే. వచ్చిన కొత్తలో నేనే ఒకసారి పక్క బ్లాకు పదకొండో అంతస్తుకెళ్ళి, వేరేవాళ్ళ తలుపు దగ్గర నా తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాను. అందుకని అమ్మ సాయంత్రం కిందికెళ్ళి దారి తప్పితే, ఎవరో తమిళావిడ చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, నవ్వుకున్నాం. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే వయసన్నాం. చెప్పిందే చెబుతుంటే చాదస్తం అన్నాం.

2013 ఆగస్టులో మావయ్య ఫోను చేశాడు. అటూ ఇటూ మాట్లాడి, గొంతు తగ్గించి, "ఒరేయ్, అక్కయ్య గాజులు కనపడ్డం లేదుటగా. మీ ఆవిడ ఎక్కడన్నా దాచిందేమో కాస్త కనుక్కో. వేళకి అన్నం కూడా పెట్టట్లేదంటోంది" అన్నాడు.

నాలుగు గాజులు. నాన్న చేయించినవి. ఆ ఫోను పెట్టేశాక నేనేం చేశానో చెప్పడానికే ఇంతకాలం పట్టింది. వంటింట్లోకెళ్ళి మా ఆవిడతో, "అమ్మ గాజులు నువ్వేమన్నా తీసి జాగ్రత్త చేశావా?" అన్నాను. కన్సల్టెంటుని కదా, ఎదుటివాళ్ళ మీద తప్పు మోపకుండా తప్పు మోపే ప్రశ్న వేయడం పదిహేనేళ్ళుగా నా వృత్తి. ఆవిడ నా మొహం వంక ఒక్క క్షణం చూసి, స్టవ్ కట్టేసి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

మూడు రోజుల తర్వాత బియ్యం డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి, దొరికాయి. "ఎవరో పెట్టారు" అంది అమ్మ. ఆ 'ఎవరో' ఎవరో చెప్పకుండానే అందరికీ తెలిసేటట్టు అంది.

ఆ తర్వాత అదే కథ నాలుగైదుసార్లు జరిగితే గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ముందు రక్త పరీక్షలు చేశారు. బీ12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు రోగం వచ్చినా ఇలాంటి మరుపు రావచ్చట, అవైతే మందులతో బాగుపడతాయి. (మీ ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే ఈ ఒక్క కారణానికైనా వాయిదా వేయకండి. మాంసం ముట్టని ఇళ్ళల్లో బీ12 లోపం మామూలే.) అమ్మకి అవేవీ కావు. అల్జీమర్స్ అన్నారు. డాక్టరు చెప్పాల్సినవన్నీ నాకు చెప్పి, చివర్లో మా ఆవిడ వైపు తిరిగి, "మీరు రాత్రుళ్ళు నిద్రపోతున్నారా?" అని అడిగింది. అంతే. గాజుల రోజున కూడా ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది.

ప్రొడక్షన్లో ఏదైనా కూలిపోతే ముందు పాత లాగ్ ఫైళ్ళు తవ్వడం నాకు అలవాటు. ఈ జబ్బుకీ అదే చేశాను. మొట్టమొదటి ఫైలు దాకా వెళ్ళాను.

నిజంగానే ఒక ఫైలు ఉంది. 1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఆగుస్టె డీటర్ అనే ఆవిణ్ణి చేర్చారు. వయసు 51. అక్కడి డాక్టరు అలోయిస్ అల్జీమర్ ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలూ, ఆవిడ చెప్పిన జవాబులూ తన చేత్తో రాసుకున్నాడు. పేరేమిటి? ఆగుస్టె. ఇంటిపేరు? ఆగుస్టె. మీ ఆయన పేరు? కాసేపు ఆలోచించి, ఆగుస్టె అనుకుంటా. భోజనంలో కాలీఫ్లవరూ పంది మాంసమూ తింటోంది, ఏం తింటున్నావంటే పాలకూర అంది. 1906 ఏప్రిల్లో ఆవిడ పోయింది. అప్పటికి అల్జీమర్ మ్యూనిక్‌లో ఉన్నాడు. మెదడు తెప్పించుకుని మైక్రోస్కోపు కింద చూశాడు. నాడీ కణాల్లో చిక్కుముళ్ళు, బయట పేరుకున్న మచ్చలు. ఆ నవంబరు 3న టూబింగెన్‌లో జరిగిన డాక్టర్ల సమావేశంలో చెప్తే ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ తర్వాత ఫైలు కూడా ఎక్కడో పడిపోయింది. 1995 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది.

ఇదంతా చాలాచోట్ల చదవచ్చు. నన్ను పట్టేసిన విషయం మాత్రం ఒక పక్కన, దాదాపు ఒక వాక్యంలో ఉంది. ఆగుస్టెకి మొట్టమొదట కనిపించిన లక్షణం మరుపు కాదు. భర్త మీద అనుమానం. కార్ల్ డీటర్ రైల్వేలో గుమాస్తా. ఆయనకి వేరే ఆడమనిషితో సంబంధం ఉందని ఆవిడ నమ్మింది. జ్ఞాపకశక్తి తప్పడం అందరికీ తెలిసేలా మొదలైంది ఆ తర్వాతే.

అంటే ఈ జబ్బు చరిత్రలో మొదటి పేజీలోనే ఒక తప్పుడు నింద ఉంది. అది పడింది ఎవరి మీద? తోడుగా ఉన్న మనిషి మీద. ఆ గుమాస్తా ఆఫీసుకెళ్ళి ఏం మాట్లాడేవాడో, మెట్ల మీద ఎదురైన వాళ్ళు ఎలా చూసేవారో ఊహించుకోండి. ఆగుస్టె మెదడు ముక్కల గాజు పలకలు కూడా 1990లలో మళ్ళీ దొరికాయి, వాటి మీద వ్యాసాలొచ్చాయి. కార్ల్‌కి దక్కింది ఆ ఒకటి రెండు వాక్యాలే.

మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. "పాపం, వాళ్ళాయనకి బియ్యం డబ్బా కూడా లేదు చూపించడానికి" అంది.

సరే, చరిత్రలో తర్వాతి అంకం ఇంకా విచిత్రం. 1910లో క్రేపెలిన్ అనే పేరుమోసిన మానసిక వైద్యుడు తన పాఠ్యపుస్తకంలో దీనికి అల్జీమర్ పేరు పెట్టాడు. అయితే ముసలితనం రాకముందే మతి చెడిపోయేవాళ్ళకే ఆ పేరు. ముసలివాళ్ళకొస్తే అది వేరు, అది వార్ధక్యం. ఒక గీత గీసినట్టయింది. గీతకి ఇటువైపు ఉన్నవాళ్ళు రోగులు, అటువైపు ఉన్నవాళ్ళు ముసలివాళ్ళు. అరవై ఏళ్ళకి పైగా ఆ గీత అలాగే నిలబడింది. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు, రెండూ ఒకటే జబ్బు, ముసలివాళ్ళలో చావులకి ఇదో పెద్ద కారణం, మనం చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాం అని రాశాక గానీ కదలిక రాలేదు.

మనకి గీత గీయడానికి క్రేపెలిన్ అక్కర్లేదు. మన దగ్గర చాదస్తం అనే మాట ఉంది. మా నాయనమ్మకి చాదస్తం అని వింటూ పెరిగాను. తెనాలి దగ్గర పల్లెలో, పెదనాన్న వాళ్ళింట్లో ఉండేది. పొద్దుగూకేసరికి మూట కట్టుకుని పుట్టింటికి వెళ్తానని వీధి తలుపు దగ్గర నిలబడేది. ఆ పుట్టిల్లు కూలిపోయి అప్పటికే నలభై ఏళ్ళు. అరుగు మీద కూర్చుని, దారినపోయే వాళ్ళని పిలిచి, "కోడలు అన్నం పెట్టట్లేదమ్మా" అని చెప్పేది. విన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నిజంగానే గిన్నెలో అన్నం తెచ్చిపెట్టారు కూడా. 1984లో నాయనమ్మ పోయింది. దినవారాలప్పుడు, వచ్చిన చుట్టాలు పెద్దమ్మ గురించి ఏమనుకున్నారో పిల్లవాణ్ణైన నాకే వినపడింది, ఆవిడకి వినపడకుండా ఉంటుందా? నేనూ అదే నమ్మాను. ముప్ఫై ఏళ్ళు నమ్మాను. పండక్కి వెళ్ళినప్పుడు పెద్దమ్మ చేతి అరిసెలు తింటూ కూడా నమ్మాను.

లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రవేత్త కాశీలో ఏళ్ళ తరబడి ఉండి, ముసలివాళ్ళ గురించి మనవాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో గమనించి 1998లో ఒక పుస్తకం వేశాడు. పేరే 'భారతదేశంలో వృద్ధాప్యం లేదు' అని. దాని ఉపశీర్షికలో అల్జీమర్స్ పక్కనే 'చెడ్డ కుటుంబం' అన్న మాట ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళ మతి తప్పితే చుట్టుపక్కల వాళ్ళు మెదడు వంక చూడరు, కొడుకూ కోడళ్ళ వంక చూస్తారు. సరిగ్గా చూసుకునుంటే ఇలా ఎందుకవుతుంది అంటారు. చదువుతుంటే కాశీలో ఉన్నట్టు లేదు, మా ఊరి అరుగు మీద కూర్చున్నట్టుంది.

మనవాళ్ళనే ఎందుకు ఆడిపోసుకోవాలి, జపాన్ వాళ్ళ సంగతీ ఇంతే. 1972లో అరియోషి సావాకో అనే రచయిత్రి ఒక నవల రాసింది. ఉద్యోగం చేసుకునే కోడలు, మతి తప్పుతున్న మావగారు. కన్నకొడుకుని చూసి దొంగొచ్చాడని భయపడే ఆ ముసలాయన కోడల్ని మాత్రం గుర్తుపడతాడు, అందుకని బరువంతా ఆవిడ మీదే పడుతుంది. పది లక్షలకి పైగా కాపీలు అమ్ముడుపోయాయట, మరుసటి ఏడాది సినిమా కూడా తీశారు. ఒక దేశంలో కోడళ్ళందరూ ఎవరికి వాళ్ళు తమ ఇంట్లోనే ఇలా ఉందనుకుంటున్నప్పుడు, ఒక కథ వచ్చి తలుపులన్నీ ఒకేసారి తీసినట్టయింది. 1980 జనవరిలో క్యోటోలో ఇలాంటి కుటుంబాలవాళ్ళు చేరి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘం పేరులో రోగం పేరుకంటే ముఖ్యమైన మాట 'కుటుంబాలు'. 2000లో ఆ దేశంలో వృద్ధుల సంరక్షణకి ప్రత్యేకంగా బీమా పథకమే వచ్చింది.

ఇంచుమించు అదే రెండు మూడేళ్ళలో ప్రపంచంలో చాలాచోట్ల ఇదే జరిగింది. 1978లో కెనడాలో, 1979లో బ్రిటన్‌లో, 1980లో అమెరికాలో అల్జీమర్స్ సంఘాలు పుట్టాయి. అమెరికా సంఘానికి మూలపురుషుడు జెరోమ్ స్టోన్ డాక్టరు కాదు, షికాగో వ్యాపారి. భార్యకి జబ్బు చేస్తే ఎవరిని అడగాలో తెలియక తిరిగినవాడు. 1981లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఇద్దరు, నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్, కుటుంబాల కోసమే ఒక పుస్తకం రాశారు. దాని పేరు 'ముప్ఫై ఆరు గంటల రోజు'. మాకు రిలీజుల ముందు ఇరవై నాలుగు గంటల ఆన్‌కాల్ ఉంటుంది, అది చేసి మర్నాడు సెలవడుగుతాం. వీళ్ళ డ్యూటీకి షిఫ్టు మారేవాడు రాడు. పేరు పెట్టినవాళ్ళకి ఆ లెక్క తెలుసు.

మన దేశంలో కథ కేరళలో మొదలైంది. 1992లో జేకబ్ రాయ్ కురియకోస్ అనే డాక్టరు ఏఆర్‌డీఎస్‌ఐ అనే సంస్థ పెట్టారు. అల్జీమర్స్, దానికి దగ్గరి జబ్బుల కోసం దేశంలో ఏర్పడ్డ సంస్థ అది. దాని మూలాలు త్రిసూరు జిల్లాలో కున్నంకుళం అనే చిన్న ఊళ్ళో ఉన్నాయి. ఆయన డాక్టరే, కానీ ఆయన్ని ఇందులోకి దింపింది చదువు కాదు, తండ్రికి వచ్చిన డిమెన్షియా. తర్వాత హైదరాబాదుతో సహా చాలా ఊళ్ళల్లో శాఖలొచ్చాయి. అంతర్జాతీయ అల్జీమర్స్ సమాఖ్యకి కూడా ఆయన అధ్యక్షుడయ్యారు. 1998లో ఆ సమాఖ్య మహాసభ కొచ్చిలో జరిగింది. అక్కడే '10/66' అనే పరిశోధన బృందం పుట్టింది. పేరు చూసి నేను వెర్షన్ నంబరనుకున్నాను! డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఉంటే, పరిశోధనలో 10 శాతం కూడా వాళ్ళ మీద జరగట్లేదని ఆ అంకెల అర్థం.

వాళ్ళ దారిలోనే గోవాలో జరిగిన ఒక ప్రయోగం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చదివినవాటిలో నాకు పనికొచ్చింది అదే. 2008లో ఫలితాలు ప్రచురించారు. డిమెన్షియా ఉన్న 81 కుటుంబాల్ని తీసుకుని, సగం ఇళ్ళకి వెంటనే, మిగతా సగానికి ఆరు నెలల తర్వాత సాయం అందేలా విడదీశారు. వెళ్ళినవాళ్ళు డాక్టర్లు కారు, కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానికులు. వెనక సలహాకి డాక్టరున్నాడు. వాళ్ళు చేసిందేమిటంటే, ఇంటికి వెళ్ళి కూర్చోవడం. ఇది జబ్బు, ఎవరి తప్పూ కాదు అని చెప్పడం. ఇలా అరిస్తే ఏం చేయాలి, స్నానానికి రానంటే ఏం చేయాలి అని మాట్లాడటం. చుట్టాల్ని కూడా కలుపుకోవడం. ఆరు నెలలకి చూస్తే రోగుల జబ్బేమీ తగ్గలేదు. చూసుకునే వాళ్ళ మానసిక ఆరోగ్యం మాత్రం స్పష్టంగా మెరుగుపడింది.

న్యూయార్కులో అంతకుముందే ఇలాంటిది జరిగింది. భార్యనో భర్తనో చూసుకుంటున్న 206 మందిలో సగం మందికి ఆరు సిటింగుల కౌన్సెలింగ్ ఇచ్చారు. అందులో రెండే ఆ మనిషితో విడిగా. మిగతా నాలుగూ చుట్టుపక్కల కుటుంబ సభ్యులందరితో కలిపి. 1996లో వచ్చిన లెక్క ప్రకారం, ఆ ఇళ్ళల్లో రోగిని నర్సింగ్ హోముకి పంపాల్సిన రోజు సుమారు 329 రోజులు వెనక్కి జరిగింది. ఇప్పటికీ ఈ జబ్బుని వెనక్కి తిప్పే మందు లేదు. తొలిదశలో కాస్త నెమ్మదింపజేసే కొత్త ఇంజెక్షన్లు 2023 నుంచి అమెరికాలో వచ్చాయి, అవీ అందరికీ కావు. మరి చుట్టాలతో నాలుగుసార్లు మాట్లాడితే దాదాపు ఏడాది కలిసొస్తుందంటే, ఆ చుట్టాల ఫోన్లకి ఎంత బలముందో చూడండి, అటూ ఇటూ కూడా.

అది చదివిన రాత్రే మావయ్యకి స్కైప్ చేశాను. గుంటూరు నుంచి అక్కని కూడా కలిపాను. డాక్టరు రిపోర్టు తెలుగులో చెప్పాను. మావయ్య నమ్మలేదు. "అక్కయ్య ఫోనులో నాతో శుభ్రంగా మాట్లాడుతోందిరా" అన్నాడు. నిజమే, పది నిమిషాలు ఎవరితోనైనా శుభ్రంగా మాట్లాడేది. సరే నువ్వే వచ్చి చూడమన్నాను. 2014 సంక్రాంతి వెళ్ళాక వచ్చి రెండు వారాలున్నాడు. ఐదో రోజున అమ్మ, పొలం కాగితాలు కాజేశావని తమ్ముడి చొక్కా పట్టుకుంది. ఆ పొలం నాన్న బతికుండగానే అమ్మేశాం. మావయ్య బాల్కనీలోకెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చి మా ఆవిడతో, "అమ్మాయీ, నేను ఆ రోజు అలా ఫోను చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆయన అన్నాడు. నేను అప్పటికింకా అనలేదు.

ఇకపోతే మా జురాంగ్ వెస్ట్ సంగతి. సింగపూరులో అల్జీమర్స్ సంఘం 1990లో ఏర్పడింది, 2021లో డిమెన్షియా సింగపూర్ అని పేరు మార్చుకుంది. వాళ్ళ డే కేర్ కేంద్రాల పేరు న్యూ హొరైజన్. వాటిలో ఒకటి ఎక్కడో తెలుసా? బూన్ లే స్టేషన్ని ఆనుకుని ఉండే జురాంగ్ పాయింట్ షాపింగ్ మాల్లో, పై అంతస్తులో. కొన్నేళ్ళుగా ప్రతి శనివారం మేం సరుకులకి వెళ్ళే మాలే అది. అమ్మని వీల్‌చెయిర్లో తోసుకుంటూ ఆ కింద నుంచే తిరిగాం. మాల్లో సినిమాహాలు ఎక్కడో తెలుసు, ఇడ్లీ దొరికేదెక్కడో తెలుసు, ఇది తెలీదు.

అమ్మ ఉన్నది నా వర్క్ పాస్ మీద ఇచ్చిన విజిట్ పాస్ మీద. ప్రభుత్వ రాయితీలు పౌరులకీ పర్మనెంట్ రెసిడెంట్లకీ, మనకి పూర్తి ధర. ఇది ఫిర్యాదు కాదు, నాలాంటివాళ్ళు లెక్క వేసుకోవాల్సిన విషయం. భాష ఇంకో చిక్కు. చుట్టూ చైనీసు, మలై, తమిళం, ఇంగ్లీషు. అమ్మకి ఒకప్పుడు కాస్త తమిళం వచ్చు, హిందీ వచ్చు. జబ్బు ముదిరేకొద్దీ నేర్చుకున్నవి నేర్చుకున్న వరుసకి తలకిందులుగా పోతూ, చివరికి తెలుగొక్కటే మిగిలింది. (భాషల సంగతి వచ్చింది కాబట్టి: హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ప్రచురించిన దాని ప్రకారం, రెండో భాష కూడా వచ్చినవాళ్ళకి జబ్బు మొదలవడం సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యమైంది. బడికెళ్ళనివాళ్ళలో కూడా. పిల్లలకి తెలుగు నేర్పడానికి ఇదో కొత్త సాకు.)

కేంద్రం సంగతి కనుక్కోవడానికి వెళ్ళి వచ్చాక మా ఆవిడ ఒక అలవాటు నేర్చుకుంది. అమ్మ "నా గాజులు తీశావు" అంటే "తీయలేదు" అని వాదించడం మానేసింది. "అయ్యో, పదండత్తయ్యా వెతుకుదాం" అని చెయ్యి పట్టుకుని లేచేది. బియ్యం డబ్బా, దిండు గలేబు, పూజ సామాన్ల పెట్టె, వరసగా చూసుకుంటూ వెళ్ళేవారు. సగం దారిలో అమ్మ దేనికోసం వెతుకుతున్నామో మర్చిపోయేది, దొరికిన పాత రుమాలో దేనికో సంతోషపడేది. అసలు గాజులు లాకర్లో పెట్టి అలాంటివే రోల్డ్‌గోల్డువి రెండు జతలు కొన్నాం. మోసమే. హాయిగా జరిగిపోయిన మోసం.

చట్టాల సంగతీ చూశాను. తల్లిదండ్రుల్ని పోషించని పిల్లల మీద కేసు వేయడానికి సింగపూరు 1995లో చట్టం చేసింది, మనవాళ్ళు 2007లో చేశారు. రెండూ అవసరమే, కాదనను. కానీ ఆ కాగితాల్లో కొడుకూ కోడలూ కనిపించేది ముద్దాయిలుగా. రాత్రి రెండింటికి తలుపు గొళ్ళెం దగ్గర కాపలా కూర్చున్న మనిషి ఏ సెక్షన్ కిందికీ రాదు.

మాటలు మాత్రం కొన్నిచోట్ల మార్చుకున్నారు. జపాన్‌లో దీన్ని పిలిచే పాత పేరుకి మూఢత్వం అనే అర్థం వస్తుందని 2004లో ప్రభుత్వమే తీసేసి కొత్త పేరు పెట్టింది. చైనీసులోనూ అదే లిపి పాత మాటని వదిలేసి, తెలివి కోల్పోయే జబ్బు అనే అర్థం వచ్చే మాటని సింగపూరులో వాడుతున్నారు. మన చిత్తవైకల్యం పుస్తకాల్లో ఉంది, కానీ తెనాలి బజార్లో ఆ మాటంటే ఇంకోలా చూస్తారు. మతిమరుపు చాలదు. మరిచిపోవడం ఇందులో చిన్న భాగం. నాకూ మంచి మాట తట్టలేదు, డిమెన్షియా అనే చెప్తున్నాను.

సింగపూరులో 2013లో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే అరవై దాటినవాళ్ళలో పదిమందిలో ఒకరికి డిమెన్షియా ఉంది. లెక్కకి వాడింది కొచ్చిలో పుట్టిన ఆ 10/66 పద్ధతే. పదేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే 8.8 శాతం. మన దేశం మొత్తానికి 2023లో వచ్చిన అంచనా 7.4 శాతం, అంటే 88 లక్షల మంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఆ 88 లక్షల ఇళ్ళల్లో ఎన్ని బియ్యం డబ్బాలో. ఇండియాలో ఉన్నవాళ్ళు ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ళ కోసం 14567 అనే హెల్ప్‌లైను ఉంది. ముందు దానికి ఫోను చేసి చూడండి.

2015లో అమ్మని తెనాలి తీసుకెళ్ళిపోయాం. మా ఆవిడ పిల్లవాడితో అక్కడే ఉంది, నేను మూడు నెలలకోసారి వెళ్ళొచ్చేవాణ్ణి. ఎవరి త్యాగం ఎంతో లెక్కలు తేలే పని కాదు. 2018లో అమ్మ పోయింది. చివరి ఏడాది నన్ను మావయ్యా అని పిలిచేది, కోడల్ని మాత్రం అమ్మా అనేది.

దానికి చాలా ముందే, మావయ్య సింగపూరు నుంచి వెళ్ళిపోయిన వారం, ఒక ఆదివారం పొద్దున్న పెద్దమ్మకి ఫోను చేశాను. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. పండగలకి తప్ప ఎప్పుడూ చేసింది లేదు. అమ్మ జబ్బు గురించి చెప్పాను, గాజుల గురించి చెప్పాను. వింటూ ఊ కొడుతోంది. "పెద్దమ్మా, నాయనమ్మకీ ఇదే అయ్యుంటుంది" అన్నాను. అవతల్నించి చప్పుడు లేదు. లైను పోయిందేమోనని హలో హలో అన్నాను.

"ఉన్నాన్లే" అంది. "దీనికో పేరుందన్నమాట."

ఆ పేరు ఇంకోసారి చెప్పమంది. నెమ్మదిగా చెప్పాను. తన నోటితో రెండుసార్లు అని చూసుకుంది. మీ పెదనాన్నకి తెలిస్తే బావుండేదిరా అంది. పెదనాన్న పోయి పన్నెండేళ్ళు.

తర్వాత, "ఆ పిల్ల పక్కనుంటే ఒకసారి ఫోనియ్యి" అంది.

ఇచ్చాను. మా ఆవిడ ఫోను తీసుకుని గదిలోకెళ్ళింది. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక ఏమందని అడిగాను. "మీకు చెప్పేది కాదు" అంది. వంటింట్లోకి వెళ్తుంటే వెనకే వెళ్ళాను, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాను, మావయ్య అన్న మాట నేనూ అన్నాను. ఆవిడ స్టవ్ కట్టెయ్యలేదు, చారు కలుపుతూనే విని, "అత్తయ్య లేచినట్టున్నారు, చూసి రండి" అంది.